సైన్యం, రూపాయి, మా అక్క తెచ్చిన దినార్లు

(సాయుధ దళాల పతాక దినోత్సవం సందర్భంగా కడప జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, ఎకనమిక్స్ డిపార్ట్‌మెంట్ మిత్రులకు, ఎన్‌సీసీ పిల్లలకు, ముందు వరసలో పతకాలు పెట్టుకుని కూర్చున్న మాజీ సైనికులకు నమస్కారం. సభాధ్యక్షులు నా గురించి ప్రేమగా చాలా చెప్పారు. వారికి కృతజ్ఞతలు. టైము తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

1949 నుంచి ప్రతి డిసెంబర్ 7న మనం ఈ పతాక దినోత్సవం జరుపుకుంటున్నాం. మామూలుగా ఈ సభల్లో వీరగాథలు చెబుతారు. ఈసారి ఫైనలియర్ అమ్మాయి ఒకామె వేసిన ప్రశ్నను అంశంగా పెట్టారు. ఆమె అడిగింది ఇది: "సార్, మన సైన్యం ప్రపంచంలోని పెద్ద సైన్యాల్లో ఒకటి. అణ్వాయుధాలున్నాయి. మరి డాలర్ ముందు రూపాయి ఎందుకు తగ్గుతూ పోతోంది? అమెరికా సైన్యం పెద్దది కాబట్టే డాలర్ గట్టిగా ఉందా?"

మంచి ప్రశ్న. సైనికుల ఎదుట దీనికి జవాబు చెప్పేటప్పుడు మాట జాగ్రత్తగా వాడాలి. నా జవాబు వాళ్ళ త్యాగాన్ని తక్కువ చేసేది కాదని ముందే మనవి చేస్తున్నాను. వినండి, చివరిదాకా వినండి.

మొదట ఒక అపోహ తీసేద్దాం. ఒక నోటుకు ఎన్ని డాలర్లు వస్తాయన్నది దేశ బలానికి కొలత కాదు. ఒక్క కువైట్ దినారుకు 3 డాలర్లకు పైగా వస్తాయి. ఒక్క డాలర్ కొనాలంటే జపాన్ వాళ్ళు 100కు పైగా యెన్‌లు ఇవ్వాలి. అంతమాత్రాన జపాన్ కంటే కువైట్ గొప్ప ఆర్థిక శక్తి అయిపోదు. చూడాల్సింది వేరే. ఆ డబ్బు పదేళ్ళ తర్వాత కూడా ఇంచుమించు అంతే సరుకు కొనిపెడుతుందా? పరాయి దేశం మనిషి దాన్ని దాచుకోవడానికి ఒప్పుకుంటాడా? ఈ రెండూ అడగాలి.

అమెరికా సంగతి తొందరగా చెప్పేస్తాను. 1960ల చివర్లో వియత్నాంలో అమెరికా సైనికులు 5 లక్షలకు పైగా ఉన్నారు. అంతటి సైన్యం భూమ్మీద ఇంకొకటి లేదు. సరిగ్గా ఆ యుద్ధం నడుస్తుండగానే, 1971 ఆగస్టు 15న, విదేశీ ప్రభుత్వాలు 35 డాలర్లు తెస్తే ఔన్సు బంగారం ఇస్తామన్న మాట ఇక నిలబెట్టుకోలేమని అధ్యక్షుడు నిక్సన్ ప్రకటించాడు. ఆ మాట తప్పడానికి ఒక కారణం యుద్ధం ఖర్చే. ఆ తర్వాత కూడా డాలర్ పెద్దరికం పోలేదు. ప్రపంచ వ్యాపారం డాలర్లలో నడుస్తుంది, మిగులు డబ్బు దాచుకోవాలంటే అమెరికా ప్రభుత్వ బాండ్లంత పెద్ద మార్కెట్ ఇంకొకటి లేదు. సముద్ర మార్గాల మీద వాళ్ళ నౌకాదళం ఉందన్నదీ ఒక కారణమే. కాదనను. కానీ అది ఒక్కటే కారణమైతే 1971 జరిగేది కాదు.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన దగ్గరికి వస్తాను. కువైట్. ఈ హాల్లో కువైట్ పేరు తెలియని ఇల్లు ఉందా? రాయచోటి, రాజంపేట, పుల్లంపేట, కోడూరు... ఈ పక్క ఏ పల్లెకు వెళ్ళినా కువైట్ డబ్బుతో కట్టిన మిద్దె కనబడుతుంది. మీలో ఎంతమంది ఫీజు అక్కడి నుంచి వస్తోంది? చేతులెత్తండి. చూశారా ప్రిన్సిపాల్ గారూ, హాల్లో సగం.

పిల్లలకు ఈ సంగతి తెలియకపోవచ్చు. ఒకప్పుడు కువైట్‌లో చెల్లింది మన రూపాయే. గల్ఫ్ దేశాల్లో రూపాయితో బంగారం కొని దొంగదారిలో మన దేశానికి తెస్తున్నారని, 1959లో రిజర్వ్ బ్యాంక్ ఆ ప్రాంతం కోసం వేరే రంగులో గల్ఫ్ రూపాయిని ముద్రించింది. కువైట్ 1961లో సొంత దినారు తెచ్చుకుంది. మిగతావాళ్ళు ఇంకొన్నేళ్ళు రూపాయినే వాడారు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగింది. మన జవాన్లు లాహోర్ పొలిమేరల దాకా వెళ్ళారు. దేశమంతా తల ఎత్తుకుంది. తొమ్మిది నెలలు గడిచాయో లేదో, 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించాల్సి వచ్చింది. డాలర్‌కు 4 రూపాయల 76 పైసలున్నది 7 రూపాయల 50 పైసలైంది. ఖతర్, దుబాయ్ లాంటివి ఆ దెబ్బతో రూపాయిని వదిలేశాయి. సరిహద్దులో సైనికుడు ఓడలేదు. కరువు, 1962, 1965 యుద్ధాల ఖర్చు, విదేశీ సాయం ఆగిపోవడం, ఎగుమతులు చాలకపోవడం, ఇవన్నీ కలిసి రూపాయిని పడేశాయి. సైన్యం గెలుపు వేరు, రూపాయి నిలబడడం వేరు అని మనకు మన చరిత్రే చెబుతోంది.

ఇక 1990. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అప్పట్లో ఇరాక్ సైన్యం దాదాపు 10 లక్షలు. ఇరాన్‌తో ఎనిమిదేళ్ళు పోరాడి చేయి తిరిగిన సైన్యం. కువైట్ సైన్యం 20 వేలకు అటూఇటూ. ఆ దేశం ఇరాక్ చేతిలో పడడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. బలమే డబ్బుకు విలువ ఇస్తుందంటే, ఆ రోజు నుంచి ఇరాక్ దినారు రాజు కావాలి, కువైట్ దినారు చెత్త కావాలి. సద్దాం హుస్సేన్ ప్రభుత్వం అచ్చంగా అదే చేయబోయింది. బయటి మార్కెట్లో కువైట్ దినారు ఇరాక్ దినారు కంటే ఎన్నో రెట్లు విలువైనది. అయినా రెండూ సమానమని ముందు హుకుం ఇచ్చారు, తర్వాత కువైట్ దినారే చెల్లదన్నారు. కువైట్ సెంట్రల్ బ్యాంకులోని బంగారాన్ని, నోట్ల కట్టల్ని బాగ్దాద్‌కు తరలించారు.

మా పెద్దక్క అప్పుడు అక్కడుంది.

దీని గురించి రెండు మాటలే చెప్పి బ్రిటన్, రష్యాల దగ్గరికి వెళ్దామని కాగితం మీద రాసుకున్నాను. కానీ ఇందాక మీరెత్తిన చేతులు చూశాక ఇదే చెప్పాలనిపిస్తోంది. బ్రిటన్ సంగతి మీరు పుస్తకంలో చదువుకోండి. మా అక్క సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

మా బావ పోయాక ఇద్దరు పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి ఖద్దామా వీసా మీద వెళ్ళింది. ఇంటి పని. నెలకు 30 దినార్లు. అప్పట్లో దినారు మన డబ్బులో 60 రూపాయలు. అంటే నెలకు 1,800. మా ఊళ్ళో కూలికి వెళ్తే ఏడాదికి కూడా అంత మిగిలేది కాదు. ఆమె రాసిన ఉత్తరాల్లో బాధ ఉండేది కాదు, లెక్క ఉండేది. ఇంత పంపాను, ఇంత దాచాను, పెద్దోడికి చొక్కా కొనండి, పాల బాకీ కట్టండి.

ఆగస్టులో ఆ ఇంటి యజమాని కుటుంబం కారెక్కి సౌదీకి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఇంటావిడ అక్క పాస్‌పోర్టు చేతిలో పెట్టి, రావాల్సిన జీతం నోట్లుగా ఇచ్చింది. అది ఆమె మంచితనం. అందరు యజమానులూ అలా చేయలేదు. ఎన్నో ఇళ్ళలో పాస్‌పోర్టులు బీరువాల్లోనే ఉండిపోయాయి, తాళాలు యజమానులతో పోయాయి. అక్క దాచుకున్నదీ, ఇచ్చిందీ కలిపి 240 దినార్లు లంగా అంచులో పెట్టి కుట్టుకుంది. బస్సులో బస్రా, బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు. ఎడారిలో గుడారాలు. నీళ్ళ కోసం క్యూ. తర్వాత అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానం. అలా దాదాపు 1,70,000 మంది భారతీయుల్ని మన ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. ప్రపంచంలో పౌరుల్ని విమానాల్లో ఇంత పెద్ద సంఖ్యలో తరలించిన ఘట్టం ఇంకొకటి లేదంటారు. దానికి నేను ఈ రోజుకూ చేతులెత్తి మొక్కుతాను.

బొంబాయిలో దిగింది. ఆకలి, జ్వరం. చేతిలో మన రూపాయి ఒక్కటి లేదు. బ్యాంకు కౌంటర్‌లో దినారుకు రేటు లేదన్నారు. బయట ఒక దళారి 8 రూపాయలిస్తానన్నాడు. 60 రూపాయల నోటుకు 8 రూపాయలు! "ఆ దేశమే లేదమ్మా, ఇంక నోటేంటి?" అన్నాడట. సగం నోట్లు అలా ఇచ్చేసింది. మిగతా సగం మొండిగా ఉంచుకుంది. మద్రాస్ మెయిల్ ఎక్కి కడపలో దిగింది. స్టేషన్‌కు నేనే వెళ్ళాను. ఎముకల గూడులా ఉంది. ఇంటికి తీసుకొచ్చాక మా అమ్మ ముందు అన్నం పెట్టబోతే, ముందు లంగా అంచు కుట్లు విప్పించింది. నోట్లు తడిశాయేమోనని ఆమె భయం.

ఆ నోట్లను ఆర్థిక శాస్త్రం లెక్చరర్‌నైన నాకు చూపించి అడిగింది: "ఒరేయ్, ఇవి చెల్లుతాయా?"

ఏం చెప్పను? దేశం లేదు. సైన్యం లేదు. రాజు సౌదీలోని తాయిఫ్‌లో తలదాచుకున్నాడు. కానీ ఆ రాజు దగ్గర ఒకటుంది. కువైట్ ప్రభుత్వం 1953 నుంచీ చమురు డబ్బులో కొంత తీసి లండన్‌లోనూ ఇతర దేశాల్లోనూ పెట్టుబడులు పెడుతూ వచ్చింది. నేలంతా శత్రువు చేతిలో ఉన్నా ఆ పెట్టుబడులు శత్రువు చేతికి రాలేదు. ప్రవాసంలో ఉన్న ప్రభుత్వం వాటితోనే తన ప్రజల్ని పోషించింది, తన పేరు నిలబెట్టుకుంది. కాబట్టి అక్కతో, ఉంచుకో అన్నాను.

1991 ఫిబ్రవరి చివర్లో కువైట్‌కు విముక్తి దొరికింది. మార్చి 24న కొత్త నోట్లు తెచ్చారు. ఇరాకీలు దోచుకెళ్ళిన నోట్ల నెంబర్లు చెల్లవన్నారు, జనం చేతుల్లో ఉన్న పాత నోట్లను గడువులోగా తెస్తే కొత్తవి ఇస్తామన్నారు. ఆ ఏడాది మా పక్క ఊరి డ్రైవర్ ఒకాయన మళ్ళీ పనికి వెళ్తుంటే అక్క తన 120 దినార్లు ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాటిని మార్పించి పంపాడు. ఈలోగా మన రూపాయి విలువ తగ్గింది కాబట్టి దినారుకు 80 రూపాయల పైన వచ్చింది. ఒకే కట్టలోని నోట్లు. కొన్నిటికి 8, కొన్నిటికి 80. కాగితం అదే, బొమ్మ అదే. మధ్యలో మారింది ఒక్కటే: ఆ నోటు వెనక నిలబడి "ఇస్తాను" అనేవాడు ఉన్నాడా లేడా అన్న నమ్మకం.

ఇక్కడ మా సైనిక సోదరులకు చెందాల్సింది చెందాలి. కువైట్ తనంతట తాను తిరిగి రాలేదు. అమెరికా నాయకత్వంలో పలు దేశాల సైన్యాలు వెళ్ళి ఇరాక్‌ను వెళ్ళగొట్టాయి. ఆ సైనికులే లేకపోతే మా అక్క 120 దినార్లు ఈ రోజుకూ ట్రంకు పెట్టెలోనే ఉండేవి. నేల పోతే నోటూ పోతుంది. కాబట్టి సైన్యానికీ డబ్బుకూ సంబంధమే లేదని నేనను. సైన్యం డబ్బుకు కాపలా కాయగలదు. విలువ పుట్టించలేదు. కాపలాదారు పుట్టిస్తాడని నమ్మిన దేశం ఏమైందో ఇరాక్‌ను చూడండి.

1980ల్లో అధికారిక లెక్కలో ఒక ఇరాక్ దినారుకు 3 డాలర్లకు పైనే. ఇరాన్‌తో యుద్ధం నిండు ఖజానాతో మొదలుపెట్టి అప్పులతో ముగించారు. కువైట్‌కు ఇవ్వాల్సిన అప్పు కూడా ఆ దాడికి ఒక కారణం. తర్వాత ఆంక్షలు. మంచి నోట్లు విదేశంలో ముద్రించుకునే దారి మూసుకుపోయింది. దేశంలోనే నాసి కాగితం మీద సద్దాం బొమ్మతో ఎడాపెడా అచ్చేశారు. 1990ల మధ్యకు వచ్చేసరికి బజారులో ఒక డాలర్‌కు వేల దినార్లు. సైన్యం అప్పటికీ లక్షల్లో ఉంది.

అక్కడే ఇంకో విచిత్రం జరిగింది. ఆంక్షలకు ముందు విదేశంలో అచ్చయిన పాత ఇరాక్ నోట్లను జనం స్విస్ దినార్లు అనేవాళ్ళు. 1993లో బాగ్దాద్ వాటిని రద్దు చేసింది. ఉత్తరాన కుర్దుల ప్రాంతం అప్పటికే సద్దాం చేతిలో లేదు, అక్కడి జనం ఆ పాత నోట్లనే వాడుతూ పోయారు. వాటి వెనక ఏ సైన్యం లేదు, ఏ సెంట్రల్ బ్యాంకూ లేదు. చట్ట ప్రకారం చచ్చిన నోట్లు. కానీ కొత్తగా ఎవరూ అచ్చేయలేరు. ఆ ఒక్క కారణంతో అవి నిలబడ్డాయి. 2003లో సద్దాం పడిపోయాక కొత్త దినారు తెచ్చినప్పుడు ఒక స్విస్ దినారుకు 150 కొత్త దినార్లు ఇచ్చారు. సద్దాం బొమ్మ నోటుకు ఒకటికి ఒకటే. పిల్లలూ, మీ ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు. సైన్యం ఉన్న నోటు కంటే, సైన్యం లేని నోటు 150 రెట్లు విలువ పలికింది.

ఊళ్ళో కండలు తిరిగిన మనిషి కిరాణా కొట్టుకు పోయి గద్దిస్తే ఒకసారి అప్పు పుడుతుంది. రెండోసారి అతను వస్తున్నాడంటే కొట్టు తలుపు వేసేస్తారు. ఠంచనుగా బాకీ తీర్చే బక్కపలచని ముసలమ్మకు అర్ధరాత్రి కూడా సరుకు దొరుకుతుంది.

మన తెలుగు నేల మీదే చూడండి. 1948 సెప్టెంబర్‌లో నిజాం సైన్యం ఐదు రోజుల్లో చేతులెత్తేసింది. మరి నిజాం సొంత రూపాయి, హాలీ సిక్కా, ఏమైంది? చిత్తు కాగితం కాలేదు. 7 హాలీ రూపాయలకు 6 ఇండియా రూపాయలన్న పాత లెక్కనే భారత ప్రభుత్వం ఒప్పుకుంది, 1959 దాకా నడిపించింది. జనం దాచుకున్న సొమ్ము జనానికి దక్కింది. గెలిచినవాడు ఆ మాట నిలబెట్టాడు కాబట్టి. అదే పని బాగ్దాద్ కువైట్‌లో చేయలేదు.

ఇంక రూపాయి సంగతి. 1991లో మన సైన్యం 10 లక్షలకు పైన. అదే ఏడాది మే నెలలో 20 టన్నులు, జూలైలో 47 టన్నుల బంగారం విదేశాలకు పంపి డాలర్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. పి.వి. నరసింహారావు గారు ప్రధాని, మన్మోహన్ సింగ్ గారు ఆర్థిక మంత్రి. మన జిల్లా పాటూరు బిడ్డ, తర్వాత రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అయిన వై.వి. రెడ్డి గారు అప్పుడు కేంద్ర ఆర్థిక శాఖలో ఉన్నారు. రోగం అంతకుముందే ఉంది, లోటు బడ్జెట్లు, విదేశీ అప్పులు. దాన్ని ముదిరించింది ఏమిటి? కువైట్ యుద్ధం. చమురు ధర రెట్టింపు దాటింది. కువైట్, ఇరాక్‌ల నుంచి రావాల్సిన డబ్బు ఆగిపోయింది. ఎవరి డబ్బు అది? మా అక్క 30 దినార్లు. ఆమెలాంటి వాళ్ళ 30 దినార్లు. అవి ఆగితే దేశం బంగారం కుదువ పెట్టింది. ఇది కవిత్వం కాదు, బ్యాలెన్స్ ఆఫ్ పేమెంట్స్ లెక్క, అంటే దేశంలోకి వచ్చే, దేశం నుంచి పోయే డబ్బు లెక్క.

ఇప్పుడు విదేశాల్లోని మనవాళ్ళు ఏడాదికి 10,000 కోట్ల డాలర్లకు పైగా పంపుతున్నారు. మనం కొనే చమురుకు, ఆయుధాలకు, అన్నిటికీ డాలర్లు కావాలి. సరిహద్దులో నిలబడ్డ జవాను చేతిలోని తుపాకీ దిగుమతైతే, దాని డాలర్లలో ఏ వంటింట్లోనో అంట్లు తోమిన ఆడమనిషి కష్టం కలిసే ఉంది. జవానుకు పతాక దినోత్సవం ఉంది, ఉండాలి. ఆమెకు ఏ రోజుంది?

ఇప్పుడు నా మనసులోని గోడు చెప్పనివ్వండి. యుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితి జెనీవాలో పరిహార కమిషన్ పెట్టింది. కువైట్ వదిలి రావాల్సి వచ్చిన వ్యక్తులకు 2,500 డాలర్ల నుంచి మొదలుపెట్టి నిర్ణీత పరిహారం. ఇరాక్ చమురు అమ్మకాల్లోంచి కోసి ఇచ్చారు. మొత్తం 5,240 కోట్ల డాలర్లు, ఆఖరి వాయిదా 2022లో ముగిసింది. ఒకటి గమనించండి. ఆ పరిహారం ఇరాక్ దినార్లలో ఇస్తామంటే లోకంలో ఒక్కరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. దండెత్తినవాడు తన నోటుతో తన తప్పుకు పరిహారం కూడా కట్టలేకపోయాడు.

మా అక్క దరఖాస్తు పెట్టింది. పాస్‌పోర్టులో ఇంటి పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉందని ఒక ఆఫీసులో తిప్పి పంపారు. సరిచేసి పెడితే ఇంకో కాగితం అడిగారు. ఏళ్ళు గడిచాయి. నేను చదువుకున్నవాణ్ణి, వెంటపడి తిరిగాను కాబట్టి చివరికి వచ్చింది. 1990లో 17 రూపాయలున్న డాలర్ అప్పటికి 40 దాటింది. అక్క ఆ డబ్బుతో కూతురి పెళ్ళి చేసింది. కానీ ఆమెతో అదే బస్సులో, అదే గుడారంలో ఉన్న మన పల్లెల ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయినవాళ్ళు. వేలిముద్ర వేసేవాళ్ళు. ఫారం ఎక్కడ దొరుకుతుందో తెలియనివాళ్ళు. ఏజెంటు సగం కావాలంటే భయపడి మానుకున్నవాళ్ళు. వాళ్ళ పేర్లు జెనీవా దాకా పోలేదు. ఆ కమిషన్ మూతపడింది. ఇంక డబ్బు రాదు, నాకు తెలుసు. కానీ వాళ్ళు అక్కడున్నారని, తిరిగొచ్చారని, ఇంత పోగొట్టుకున్నారని మన జిల్లాలో ఒక్క కాగితం మీదైనా ఉండొద్దా?

సభాధ్యక్షులు వాచీ చూస్తున్నారు. ముగిస్తాను. పిల్లలూ, ఎకనమిక్స్ వాళ్ళు ప్రాజెక్టు చేయాలి కదా. ఇంటర్నెట్‌లోంచి కాపీ కొట్టకండి. మీ జేజిని, పెద్దమ్మను, వీధి చివర ఇంటామెను అడగండి. 1990లో కువైట్ నుంచి వచ్చినవాళ్ళు ఎవరున్నారు? పేరు, ఊరు, ఏ ఏడు వెళ్ళింది, నెలకు ఎంత జీతం, తెచ్చుకున్న నోట్లు ఎంతకు మారాయి, పరిహారం వచ్చిందా లేదా. ఈ ఆరూ రాసుకు రండి. కాలేజీ లైబ్రరీలో దీనికోసం ఒక రిజిస్టర్ పెడతామని ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. మొదటి పేజీలో మా అక్క వివరాలు నేను రాసిచ్చాను. మాజీ సైనికుల సంఘం వాళ్ళకు ప్రతి మండలంలో మనుషులున్నారు, మీరూ మా పిల్లలకు దారి చూపించండి సార్. ఆ ఆడవాళ్ళలో చాలామందికి డెబ్బై దాటాయి. సంక్రాంతి సెలవులకు ఊళ్ళకు వెళ్తారు కదా, అప్పుడే మొదలుపెట్టండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి, నేను ఇక్కడే ఉంటాను.